రాని పేషెంటుకి జరిమానా వేయాలా? ఈ గొడవ వెనక డెబ్భై ఏళ్ల కథ ఉంది

బ్రిటన్‌లో సర్జరీ అంటే ఆపరేషన్ ఒక్కటే కాదు, పేటలో ఉండే డాక్టరు గారి క్లినిక్‌ని కూడా అలాగే అంటారు. ఆ డాక్టర్ని జీపీ అంటారు, అంటే జనరల్ ప్రాక్టీషనర్. అలాంటి ఒక సర్జరీలో నేను కొన్నేళ్లు రిసెప్షన్‌లో పనిచేశాను. పొద్దున 8 గంటలకి లైన్లు తెరవగానే ఫోన్లు ఆగకుండా మోగేవి, కాసేపటికే ఆ రోజు అపాయింట్‌మెంట్లన్నీ అయిపోయేవి, తర్వాత చేసినవాళ్లకి లేవని చెప్పలేక చెప్పేవాళ్లం. తీరా చూస్తే 10.20కి రావాల్సిన మనిషి రాడు. కంప్యూటర్‌లో ఆ పేరు పక్కన డీఎన్‌ఏ అని పెట్టేవాళ్లం, అంటే "డిడ్ నాట్ అటెండ్", హాజరు కాలేదని. ఎందుకు రాలేదన్నది మాత్రం ఆ మూడక్షరాల్లో ఉండదు.

అపాయింట్‌మెంట్ దొరకనివాళ్లకి ఒళ్లు మండటం సహజమే. అందుకే కొన్నేళ్లకోసారి ఎవరో ఒక నాయకుడు రానివాళ్లకి జరిమానా వేద్దామంటాడు, కొన్నాళ్లు పెద్ద చర్చ జరుగుతుంది, తర్వాత అది ఆగిపోతుంది. ఎందుకలా ఆగిపోతుందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1948 జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్, అంటే బ్రిటన్‌లో అందరికీ వైద్యం అందించే ప్రభుత్వ వ్యవస్థ, మొదలైనప్పుడు ఈ సమస్యే లేదు, ఎందుకంటే జీపీల దగ్గర అపాయింట్‌మెంట్ అన్నదే అరుదు. మన ఊళ్లలో చీటీ రాయించుకుని ఓపీలో కూర్చున్నట్టే, వచ్చినవాళ్లు వచ్చినట్టు బెంచీల మీద కూర్చునేవాళ్లు, వరసలో లోపలికి వెళ్లేవాళ్లు. రానివాడి సంగతి ఎవరికీ తెలియదు, వాడికోసం ఎవరూ టైమ్ పక్కన పెట్టలేదు కాబట్టి. ఆస్పత్రుల్లోనేమో డాక్టరు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదని చాలామందిని ఒకే టైమ్‌కి రమ్మని గంటలు కూర్చోబెట్టేవాళ్లు. 1952లో నార్మన్ బెయిలీ అనే గణాంక నిపుణుడు, వెల్చ్ అనే సహ పరిశోధకుడితో కలిసి దీన్ని లెక్కగట్టి చూశాడు. మొదట ఇద్దర్ని పిలవండి, ఆ తర్వాత ఒక్కొక్కరిని సగటున ఒక పేషెంటుకి ఎంత టైమ్ పడుతుందో అంత తేడాతో పిలవండి, అటు డాక్టరూ ఎక్కువ ఖాళీగా ఉండడు, ఇటు జనమూ అంతసేపు కూర్చోనక్కర్లేదు అని తేల్చారు. ఆ లెక్కని ఇప్పటికీ వాడుతున్నారు.

జీపీల దగ్గర మార్పు వచ్చింది 1960ల్లో. 1966లో జీపీలకీ ప్రభుత్వానికీ మధ్య వచ్చిన కొత్త ఒప్పందంతో, వాళ్ల సిబ్బంది జీతాల్లో 70 శాతం ప్రభుత్వమే తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో రిసెప్షనిస్టులు పెరిగారు, అపాయింట్‌మెంట్ పుస్తకాలు వచ్చాయి. పుస్తకంలో పేరు రాసుకున్నాక రాకపోవడం అనేది కూడా మొదలైంది. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది గానీ నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. బెంచీ మీద కూర్చునే పద్ధతిలో కావాల్సిందల్లా ఓపిక. పుస్తకం పద్ధతిలో ఫోన్ కావాలి, తేదీ గుర్తుండాలి, ఆ రోజు పని మానుకునే వీలు ఉండాలి, పిల్లల్ని చూసుకునే మనిషి ఉండాలి. ఇవన్నీ అందరి దగ్గరా ఉండవు.

డబ్బు గొడవ దీనికంటే పాతది. కట్టుడు పళ్లకీ కళ్లజోళ్లకీ డబ్బు వసూలు చేయాలని నిర్ణయించినందుకు, ఎన్‌హెచ్‌ఎస్‌ని నిలబెట్టిన అనైరిన్ బెవన్ 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. 1952లో మందుల చీటీకి ఒక షిల్లింగ్ పెట్టారు. కానీ డాక్టర్ని చూడటం మాత్రం ఉచితంగానే ఉండిపోయింది. రాని పేషెంటు దగ్గర ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టులు డబ్బు తీసుకోవడం ఒకప్పుడు ఉండేది, 2006 ఒప్పందంతో అదీ పోయింది. జీపీ తన దగ్గర నమోదైన పేషెంటు నుంచి ఇందుకు పైసా తీసుకోకూడదు.

2000లో ప్రభుత్వం ఇంకో పని చేసింది. 2004కల్లా ఎవరికైనా 48 గంటల్లో జీపీ అపాయింట్‌మెంట్ దొరకాలని లక్ష్యం పెట్టింది. ఉద్దేశం మంచిదే, కానీ లక్ష్యం తప్పకూడదని చాలా సర్జరీలు ముందుగా బుక్ చేయడమే మానేశాయి. వచ్చే వారానికి కావాలంటే వచ్చే వారమే ఫోన్ చేయమన్నారు. 2005 ఎన్నికల ముందు టీవీ కార్యక్రమంలో ఒక మహిళ ఈ మాట ముఖం మీదే అడిగితే, ఇలా జరుగుతోందని ప్రధాని టోనీ బ్లెయిర్‌కే తెలియదు. అటు చూస్తే, మూడు వారాల ముందు ఇచ్చిన తేదీని మనుషులు మర్చిపోతారు. ఇటు చూస్తే, అన్నీ ఏ రోజువి ఆ రోజే ఇస్తే పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోగలిగిన వాళ్లకే దొరుకుతాయి.

2015లో ఆరోగ్య మంత్రి జెరెమీ హంట్, రానివాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం సూత్రప్రాయంగా తనకి అభ్యంతరం కాదన్నాడు. 2019 జనవరిలో ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ లెక్క చెప్పింది: ఏడాదికి జీపీలవీ నర్సులవీ మిగతా సిబ్బందివీ అన్నీ కలిపి దాదాపు 30 కోట్ల 70 లక్షల అపాయింట్‌మెంట్లలో కోటిన్నర వృథా, అంటే ఇరవైలో ఒకటి. ఒక్కోటి 30 పౌండ్ల చొప్పున, జీపీలవే చూసుకున్నా నష్టం 21 కోట్ల 60 లక్షల పౌండ్లు అన్నారు. ఈ అంకెని నేను పూర్తిగా ఒప్పుకోను. మా డాక్టర్లు ఆ పది నిమిషాలు ఖాళీగా కూర్చోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ముందు పేషెంటుకి పది నిమిషాలు చాలక ఆలస్యమైంది సర్దుకునేది అప్పుడే, రక్త పరీక్షల రిజల్ట్స్ చూసేదీ అప్పుడే. నష్టమల్లా ఆ టైమ్ దొరకని ఇంకో పేషెంటుకి, ఆ నష్టం నిజమే.

2022లో రిషి సునాక్ పార్టీ నాయకత్వ పోటీలో 10 పౌండ్ల జరిమానా అన్నాడు. అక్టోబర్‌లో ప్రధాని అయ్యాక ఆ ఆలోచన వదిలేశాడు. పది పౌండ్లు వసూలు చేయడానికి బిల్లులు, అప్పీళ్లు, మినహాయింపులు చూసే మనుషులు కావాలి, ఆ ఖర్చే ఎక్కువవుతుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు.

అసలు రానివాళ్లు ఎవరు? స్కాట్లాండ్‌లో ఐదు లక్షలకి పైగా పేషెంట్ల రికార్డులు చూసి 2017లోనూ 2019లోనూ పరిశోధకులు చెప్పింది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. మళ్లీ మళ్లీ రానివాళ్లలో పేదవాళ్లు, ఒకేసారి చాలా జబ్బులున్నవాళ్లు ఎక్కువ. దీర్ఘకాలిక మానసిక సమస్యలుండి ఏడాదికి రెండుకి మించి అపాయింట్‌మెంట్లు తప్పినవాళ్లకి, ఒక్కటీ తప్పనివాళ్లతో పోలిస్తే చనిపోయే ముప్పు ఎనిమిది రెట్ల పైనే. వేల్స్ బొగ్గు గనుల ఊళ్లో జీపీగా పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే చెప్పాడు, వైద్యం ఎక్కువ అవసరమైన చోటే తక్కువ దొరుకుతుందని. అలాంటి ఊళ్లకి ఇక్కడి డాక్టర్లు వెళ్లకపోతే మన దేశం నుంచి వచ్చినవాళ్లు, అందులో తెలుగువాళ్లూ, సర్జరీలు నడిపారు.

పనికొచ్చే చిన్న పద్ధతులు లేకపోలేదు. ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో చేసి 2012లో ఫలితాలు ప్రకటించిన ఒక ప్రయత్నాన్ని మా సర్జరీలోనూ పాటించాం. తేదీని మేం రాసివ్వడం మానేసి, కార్డూ పెన్నూ పేషెంటు చేతికే ఇచ్చాం. గోడ మీద "పోయిన నెల ఇంతమంది రాలేదు" అన్న నోటీసు తీసేసి, ఎంతమంది టైమ్‌కి వచ్చారో రాశాం. అక్కడ ఇవన్నీ కలిపి చేస్తే రానివాళ్లు 31.7 శాతం తగ్గారు.

ఇక ఎవరైనా మూడుసార్లు రాకపోతే హెచ్చరిక ఉత్తరం వేయడం మా అలవాటు. మళ్లీ తప్పితే సర్జరీ లిస్టు నుంచి తీసేయవచ్చు, కానీ అంతకుముందు 12 నెలల్లో హెచ్చరించి ఉండాలన్నది నియమం. ఒకసారి ఒక పెద్దాయనకి అలాంటి ఉత్తరం ప్రింట్ చేసి, కవర్‌లో పెట్టబోతూ ఎందుకో ఆగి ఫోన్ చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ఇంటికొచ్చే ఉత్తరాలు తను చదవలేడని, చదివి పెట్టే భార్య పోయినేడాది చనిపోయిందని చెప్పాడు. మేం పంపిన తేదీలన్నీ విప్పని కవర్లలోనే ఉన్నాయి. హెచ్చరిక ఉత్తరం చింపేశాను. "ఉత్తరం వద్దు, ముందురోజు సాయంత్రం ఫోన్ చేయాలి" అని ఆయన రికార్డు మీద నోట్ పెట్టి, గురువారం 11.40కి రాశాను.