బస్బీ పేరు మీది అవార్డు: అపోహలు - వాస్తవాలు

మే నెలలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సీజన్ ముగింపుకు వస్తుంది. క్లబ్బులు ఒక్కొక్కటిగా తమ ఉత్తమ ఆటగాడి పేరు ప్రకటిస్తాయి. క్రికెట్ తప్ప మరో ఆటకు చోటు దొరకడమే గగనమైన మన క్రీడా పేజీల్లో ఆ వార్త నాలుగు వరుసల్లో ముగిసిపోతుంది. ఫుట్‌బాల్ వార్తలు రాయడం నా వృత్తి కాబట్టి, ఆ నాలుగు వరుసలు చదివాక పాఠకులు ఏమడుగుతారో నాకు తెలుసు. చాలా ప్రశ్నల వెనక ఏదో ఒక అపోహ ఉంటుంది. మన దగ్గర ఎక్కువ మందికి తెలిసినది మాంచెస్టర్ యునైటెడ్ ఇచ్చే సర్ మ్యాట్ బస్బీ అవార్డు. అందుకే ముఖ్యంగా దాని గురించే రాస్తున్నాను. అవసరమైన చోట ఇతర క్లబ్బులూ వస్తాయి.

అపోహ: బస్బీ చనిపోయాక ఆయన స్మృతి చిహ్నంగా ఈ అవార్డు పెట్టారు.

వాస్తవం: ఇది మొదలైంది 1987-88 సీజన్‌లో. బస్బీ కన్నుమూసింది 1994 జనవరిలో. అంటే బతికున్న మనిషి పేరు మీదే మొదలైన గౌరవమిది. 1945 నుంచి 1969 దాకా ఆయన యునైటెడ్ మేనేజర్. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ విమాన ప్రమాదంలో 23 మంది చనిపోతే, వారిలో ఎనిమిది మంది ఆయన తీర్చిదిద్దిన ఆటగాళ్లు. ఆయనే చావు అంచుల దాకా వెళ్లి తిరిగి వచ్చారు. పదేళ్లు తిరగ్గానే, 1968లో, మరో జట్టుతో యూరోపియన్ కప్ గెలిచారు. అలాంటివాడి పేరు పెట్టడానికి మరణం దాకా ఆగాల్సిన పని క్లబ్బుకు కనిపించలేదు.

తొలి విజేత బ్రయాన్ మెక్‌క్లెయిర్. అలెక్స్ ఫెర్గూసన్ మేనేజర్‌గా వచ్చాక మొదటి పూర్తి సీజన్ అది. సెల్టిక్ నుంచి వచ్చిన మెక్‌క్లెయిర్ లీగ్‌లో 24 గోల్స్ కొట్టాడు. జార్జ్ బెస్ట్ తర్వాత ఒక లీగ్ సీజన్‌లో 20 గోల్స్ దాటిన యునైటెడ్ ఆటగాడు అప్పటిదాకా లేడు. దాదాపు ఇరవై ఏళ్ల కరువు తీరింది మరి, అభిమానులు ఓటు వేయకుండా ఉంటారా?

నిజంగా స్మారకంగా పుట్టిన అవార్డు కావాలంటే నార్విచ్ సిటీ వైపు చూడాలి. వారి కెప్టెన్ బ్యారీ బట్లర్ 1966 ఏప్రిల్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. మరుసటి ఏడాది నుంచి క్లబ్ ఉత్తమ ఆటగాడికి ఆయన పేరు మీద ట్రోఫీ ఇస్తున్నారు. యునైటెడ్‌లోనూ ఒక యువ ఆటగాడికి ఏటా ఇచ్చే అవార్డు జిమ్మీ మర్ఫీ పేరు మీద ఉంది. మర్ఫీ 1989లో కన్నుమూశారు. బస్బీకి కుడి భుజం ఆయన. వేల్స్ జాతీయ జట్టు బాధ్యతల మీద కార్డిఫ్‌లో ఉండిపోవడం వల్ల మ్యూనిక్ విమానం ఎక్కలేదు. బస్బీ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మిగిలిన జట్టును మైదానంలోకి దింపింది ఆయనే. నన్నడిగితే, మర్ఫీ పేరు ఇంతకన్నా పెద్ద అవార్డుకే ఉండాల్సింది.

అపోహ: బెస్ట్, చార్ల్టన్, లా ఈ అవార్డును పలుమార్లు గెలిచి ఉంటారు.

వాస్తవం: ఒక్కసారి కూడా లేదు. వారి కాలానికి ఇది పుట్టనే లేదు. డెనిస్ లా 1964లో, బాబీ చార్ల్టన్ 1966లో, జార్జ్ బెస్ట్ 1968లో బాలన్ డోర్ గెలిచారు. ఐరోపా మొత్తానికీ ఉత్తమ ఆటగాళ్లయిన ముగ్గురికి సొంత క్లబ్ వార్షిక జాబితాలో చోటు లేకపోవడానికి కారణం తేదీలే.

అలాగని ఇలాంటి అవార్డులన్నీ టీవీ కాలపు సృష్టి అనుకోవద్దు. వెస్ట్ హామ్ యునైటెడ్ 1958 నుంచే ‘హామర్ ఆఫ్ ది ఇయర్’ ఇస్తోంది. చెల్సీది 1967లో మొదలైంది. తొలి విజేత గోల్‌కీపర్ పీటర్ బొనెట్టి.

అపోహ: మేనేజర్, క్లబ్ పెద్దలు కలిసి పేరు ఖరారు చేస్తారు.

వాస్తవం: బస్బీ అవార్డు అభిమానుల ఓటుతో తేలుతుంది. ఆటగాళ్లు తమలో తాము ఎన్నుకునే అవార్డు వేరే ఉంది. డ్రెస్సింగ్ రూమ్ చూసే ఆట వేరు, గ్యాలరీ చూసే ఆట వేరు. తోటివాడు ఎంత పరుగెత్తి తన తప్పును కప్పిపుచ్చాడో ఆటగాడికి తెలుస్తుంది, అభిమానికి గోల్ గుర్తుంటుంది. రెండు ఓట్లూ ఒకే పేరు మీద పడితే ఆ పేరును నేను కాస్త ఎక్కువ నమ్ముతాను. 2018-19లో ఎడమ వైపు డిఫెండర్ లూక్ షాకు రెండూ దక్కాయి. అదే జట్టులో కాలు విరిగి దాదాపు ఏడాది ఆటకు దూరమైనవాడు, మేనేజర్ మాటలు పడినవాడు అతను. జట్టు మాత్రం ఆరో స్థానంలో నిలిచింది.

అపోహ: ట్రోఫీలు గెలిచిన ఏడాది ఫైనల్ హీరోకే అవార్డు వస్తుంది.

వాస్తవం: దీనికి 1999 కన్నా మంచి జవాబు లేదు. ఆ సీజన్‌లో యునైటెడ్ లీగ్, ఎఫ్ఏ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది. మే 26న బార్సిలోనాలో బయెర్న్ మ్యూనిక్ మీద 90 నిమిషాలు దాటాక ఇచ్చిన ఇంజూరీ టైమ్‌లో టెడ్డీ షెరింగమ్ ఒకటి, ఓలె గున్నార్ సోల్షాయర్ ఒకటి కొట్టి కప్పు లాక్కున్నారు. ఆ సీజన్ బస్బీ అవార్డు మాత్రం ఫైనల్లో ఆడని రాయ్ కీన్‌ది.

ఫైనల్‌కు అతను ఎందుకు దూరమయ్యాడో చూస్తే అవార్డు ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. ఏప్రిల్ 21న ట్యూరిన్‌లో యువెంటస్‌తో సెమీఫైనల్ రెండో మ్యాచ్. మొదటి పావుగంటలోనే యునైటెడ్ 0-2తో వెనకబడింది. కెప్టెన్ కీన్ తలతో తొలి గోల్ చేసి ఆటను తిప్పాడు. కాసేపటికే పసుపు కార్డు పడింది. ఆ కార్డు వల్ల నిషేధం పడి ఫైనల్ చేజారిందని తెలిశాక కూడా మిగతా ఆటలో అతని వేగం తగ్గలేదు. యునైటెడ్ 3-2తో గెలిచింది. ఇలాంటి ఓటింగు సాధారణంగా సీజన్ చివరి మ్యాచ్‌కు ముందే ముగుస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి. మరుసటి ఏడాదీ కీన్‌కే ఇచ్చారు. షెరింగమ్ వంతు 2001లో వచ్చింది. ఆ ఏడాది ఇంగ్లండ్ ఆటగాళ్ల సంఘం, ఫుట్‌బాల్ రచయితల సంఘం ఇచ్చే అవార్డులూ అతనివే.

అపోహ: ఎక్కువసార్లు గెలిచినవాడే ఎక్కువ గొప్పవాడు.

వాస్తవం: పాల్ స్కోల్స్‌కు ఈ అవార్డు ఒక్కసారీ రాలేదు. పీటర్ ష్మైకెల్‌కూ లేదు. 13 లీగ్ టైటిళ్లు గెలిచిన ర్యాన్ గిగ్స్‌కు ఒకే ఒక్కసారి, అదీ జట్టు పెద్ద ట్రోఫీ ఏదీ గెలవని 1997-98లో. గొప్ప జట్టులో ఓట్లు చీలిపోతాయి. 1966లో ఇంగ్లండ్‌కు ప్రపంచ కప్ అందించిన కెప్టెన్ బాబీ మూర్ ఉండగా, ఆ ఏడాది వెస్ట్ హామ్ అవార్డు అతని సహచరుడు జెఫ్ హర్స్ట్‌కు వెళ్లింది.

ఇక యునైటెడ్ జాబితాలో నాలుగేసి సార్లతో 2025 నాటికి ముందున్నది ముగ్గురు: గోల్‌కీపర్ డేవిడ్ డి హియా, మిడ్‌ఫీల్డర్ బ్రూనో ఫెర్నాండెజ్, ఫార్వర్డ్ క్రిస్టియానో రొనాల్డో. డి హియాకు 2014, 2015, 2016, 2018. ఫెర్గూసన్ రిటైరైన మరుసటి సీజన్ నుంచే ఈ వరుస మొదలవడం యాదృచ్ఛికం కాదు. ఆ సీజన్‌లో జట్టు ఏడో స్థానానికి జారింది. గోల్‌కీపర్‌కు అవార్డు మీద అవార్డు వస్తోందంటే, ముందున్న పదిమంది అతనికి చాలా పని కల్పిస్తున్నారన్నమాట. జాబితా చదివేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. 2015 ఆగస్టు చివరి రోజున అతను రియల్ మాడ్రిడ్‌కు దాదాపు వెళ్లిపోయాడు. పత్రాలు వేళకు అందక బేరం చెడింది. ఆగిపోయాడు, మూడోసారి గెలిచాడు.

ఫెర్నాండెజ్ నాలుగో అవార్డు 2024-25ది. యునైటెడ్ 15వ స్థానంలో ముగించిన సీజన్ అది. చెత్త సీజన్‌లో వచ్చిన అవార్డుకు విలువేమిటని అడిగేవారికి స్కాట్ పార్కర్ పేరు చెబుతాను. 2010-11లో వెస్ట్ హామ్ అట్టడుగున నిలిచి కింది డివిజన్‌కు పడిపోయింది. క్లబ్ అవార్డు వరుసగా మూడోసారి పార్కర్‌కే దక్కింది. అంతటితో ఆగలేదు, దేశం మొత్తం మీద ఆ ఏటి మేటి ఆటగాడిగా ఫుట్‌బాల్ రచయితలు ఎన్నుకున్నదీ అతన్నే.

అపోహ: సీజన్ మొత్తం ఆడితేనే పరిశీలిస్తారు.

వాస్తవం: అలాంటిదేమీ లేదు. ఫెర్నాండెజ్ 2020 జనవరి చివర్లో క్లబ్బుకు వచ్చాడు, ఆ సీజన్ అవార్డే పట్టుకెళ్లాడు.

అపోహ: గెలిచినవాడికి క్లబ్బులో ఇక ఢోకా లేదు.

వాస్తవం: 1995లో గెలిచిన ఆంద్రే కాంచెల్స్కిస్ ఆ వేసవిలోనే ఎవర్టన్‌కు వెళ్లాడు. షెరింగమ్ 2001లో అవార్డు అందుకుని టాటెన్‌హామ్‌కు తిరిగిపోయాడు. క్రిస్టియానో రొనాల్డో 2022 మేలో గెలిస్తే, నవంబరుకల్లా క్లబ్‌తో ఒప్పందమే రద్దయింది.

వీళ్లందరికన్నా నాకు వింతగా తోచేది యువాన్ మాటా కథ. చెల్సీ అభిమానులు 2012, 2013లలో వరుసగా రెండుసార్లు అతన్నే ఎన్నుకున్నారు. 2013 వేసవిలో మేనేజర్‌గా తిరిగి వచ్చిన జోసె మౌరిన్యోకు అతని ఆట తన పద్ధతికి సరిపడలేదు. బెంచీ మీద కూర్చోబెట్టాడు. 2014 జనవరిలో చెల్సీ అతన్ని 3 కోట్ల 71 లక్షల పౌండ్లకు అమ్మేసింది. కొన్నది యునైటెడ్, అది అప్పటికి ఆ క్లబ్ రికార్డు ధర. అక్కడ ఎనిమిదేళ్లకు పైగా ఆడాడు. ఆ కాలంలో బస్బీ అవార్డు స్పెయిన్ ఆటగాళ్లకు ఐదుసార్లు వచ్చింది: డి హియాకు నాలుగు, ఆండర్ హెరేరాకు ఒకటి. మాటాకు ఒక్కటీ రాలేదు.