ఏడు రాత్రుల ఫోన్: మనాది మీద ఆట రాయడానికి వెనకున్న కథ

ఆటలో మొదటి రాత్రి ఇలా ఉంటుంది. కోస్గి దిక్కు ఒక ఊరు. ఇంటర్ తప్పిన పిల్లగాడు, వాడి అవ్వ. అమ్మానాయినలు ముంబైలో బిల్డింగ్ పనికి పోయారు. రాత్రి తొమ్మిదింటికి నాయిన ఫోన్ చేస్తాడు. "ఏం బిడ్డా, మంచిగున్నవా?" తెర కింద మూడు జవాబులు కనిపిస్తాయి. ఒకటి, "మంచిగనే ఉన్న నాయినా." రెండోది, "నాకు నిద్ర పడ్తలేదు నాయినా." మూడోది, ఫోన్ ఎత్తకపోవడం.

మనాది అంటే మనసును తొలిచే దిగులు. దాని మీద, ఫోన్లో చదువుతూ ఆడే ఈ ఆటను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివే నలుగురు పిల్లలు రాస్తున్నారు. నన్ను పిలిచింది అచ్చుతప్పులు దిద్దడానికే. కానీ ఆ రెండో జవాబు దగ్గరే రెండు సాయంత్రాలు గడిచిపోయాయి. అసలు పెట్టొద్దని ఒకడి వాదన. "సార్, నాయినతోని ఆ మాట ఎవడంటడు? ఆయన ఆడ ఇటుకలు మోస్తుంటే, ఈడు ఇంట్ల పండుకొని నిద్ర పడ్తలేదంటడా?" పెట్టాలన్న అమ్మాయి గట్టిగా ఏమీ వాదించలేదు. "అననీయకపోతే ఇగ ఆట ఎందుకు?" అని ఊరుకుంది.

ఈ తగువు వీళ్లతో మొదలైంది కాదు. ఆటల చరిత్రలో దీనికి చాలా ఏళ్లున్నాయి. నాకు అర్థమైనంతలో అదంతా ‘తప్పు’ అనే ఒక్క మాట చుట్టూ తిరిగింది. మనిషి మనసు చెదిరితే అది ఎవరి తప్పని ఆట అడుగుతుందా, అడగదా?

మన వైకుంఠపాళి అడుగుతుంది. జాగారం రాత్రి నిద్ర ఆపుకోవడానికి పెద్దవాళ్లు పరిచే ఆ పటంలో నిచ్చెనంటే పుణ్యం, పామంటే పాపం. విచిత్రం ఏమిటంటే ఆడేవాడి చేతిలో ఏమీ ఉండదు. గవ్వలు ఎన్ని పడితే అన్ని గడులు. పాము మింగేది మనం కోరి వెళ్లని గడిలో, మింగాక మాత్రం అది మన పాపమే. పై వరుస దాకా ఎక్కి పెద్దపాము నోట్లో పడ్డ పిల్లవాడి ముఖం చూసినవాళ్లకు ఆ అన్యాయం తెలుసు. అదే అరుగు మీద అష్టాచెమ్మా ఆడితే ఏ కాయ జరపాలో మనిష్టం. పులిజూదంలో అయితే గవ్వల పెత్తనం కూడా లేదు. కాకపోతే వాటిలో కథ లేదు. అంటే కథ ఉన్న ఆటలో ఎంచుకునే వీలు లేదు, ఎంచుకునే ఆటలో కథ లేదు.

రెండూ ఒక్కచోట చేరింది కంప్యూటర్‌లో. 1970ల నడుమ విల్ క్రౌథర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ గుహల్లో తిరిగే ఆట ఒకటి రాశాడు. బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. ఎటు పోవాలో, ఏం తీసుకోవాలో టైప్ చేస్తే కథ కదిలేది. విడాకులయ్యాక కూతుళ్లకు దూరమయ్యానన్న బాధలో, వాళ్లకు నచ్చుతుందని అది చేశానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ముంబైలో ఉన్న నాయిన ఫోన్ గురించి రాస్తుంటే నాకు ఈ సంగతి పదే పదే గుర్తొచ్చింది. అయితే ఆ ఆటలోనూ, దాన్ని చూసి వచ్చిన ఎన్నింటిలోనూ తప్పు దారి పట్టినవాడికి చావే. పాము మళ్లీ వచ్చింది. గవ్వల మీద నెపం పెట్టే వీలు మాత్రం పోయింది, దారి ఎంచుకున్నది నువ్వే కదా!

2009లో క్రిస్ క్లిమస్ ‘ట్వైన్’ అనే ఉచిత సాధనం తెచ్చాడు. పెట్టెల్లో కథ ముక్కలు రాసి, ఏ మాట నొక్కితే ఏ పెట్టెకు పోవాలో బాణాలు కలుపుతారు. కోడింగ్ పెద్దగా అక్కర్లేదు. తయారైన ఆట ఒక చిన్న ఫైలు, ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. తెలుగు అక్షరాలు కూడా బాగానే వస్తాయి. మన పిల్లలు వాడుతున్నది దీన్నే. డబ్బు, కంపెనీ, ఇంజినీర్లు లేకుండా సొంత బాధను ఆటగా రాసుకోవడం ఈ సాధనంతోనే చాలామందికి కుదిరింది.

2013 ఫిబ్రవరిలో జోయ్ క్విన్ అనే అమెరికన్ ఆటల రచయిత, ఇంకో ఇద్దరి సాయంతో, ‘డిప్రెషన్ క్వెస్ట్’ విడుదల చేసింది అలాగే. అందులో ఉన్నది చాలా చిన్న ఉపాయం. సెలవు రోజు ఉంటుంది, చేయాల్సిన పని ఉంటుంది. కింద నాలుగైదు దారులు. బాగున్న మనిషి ఆలోచించకుండా చేసే పని వాటిలో అన్నిటికన్నా పైన కనిపిస్తుంది. కానీ దాని మీద ఎర్రగీత. చదవగలం, నొక్కలేం. కుంగుబాటు పెరిగేకొద్దీ గీతలు కూడా పెరుగుతాయి. మాట్లాడటానికి మనిషి దొరికితే, వైద్యం మొదలైతే కొన్ని గీతలు చెరిగిపోతాయి.

ఈ ఉపాయం గొప్పతనం ఎక్కడుందంటే, "లేచి కాస్త తిరిగి రారాదురా, అదే పోతది" అనే చుట్టాలకు అది జవాబు చెప్పింది. లేచి తిరిగి రావాలని ఆ మనిషికీ తెలుసు. ఆ మాట కళ్ల ముందే ఉంది. చేయి పోవడం లేదు. దారి తెలియకపోవడం వేరు, తెలిసిన దారి మూసుకుపోవడం వేరని ఆ ఒక్క గీతతో తెలిసిపోతుంది. 2014లో ఆ ఆట స్టీమ్ అనే ఆటల ఆన్‌లైన్ దుకాణంలోకి వచ్చాక రచయిత మీద బూతులు, బెదిరింపులు నెలల తరబడి సాగాయి. ఇది అసలు ఆటే కాదన్నది అప్పుడు గట్టిగా వినబడ్డ ఒక అభ్యంతరం. గెలవడం లేని దాన్ని ఆట అనడానికి చాలామందికి మనసొప్పలేదు.

తర్వాత వచ్చినవన్నీ ఆ దారిలో నడవలేదు. 2015 నాటి ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’లో కాలాన్ని వెనక్కి తిప్పగలిగే అమ్మాయి కథానాయిక. రెండో భాగంలో, ఆమె తోటి విద్యార్థిని ప్రాణం మీదికి వచ్చిన ఘడియలో ఆ శక్తి పనిచేయదు. అంతకుముందు నువ్వు ఆ అమ్మాయి ఫోన్ ఎత్తావా, ఆమె గురించి ఏం గమనించావు, ఆ ఘడియలో ఏం మాట్లాడావు అన్నదాన్ని బట్టి ఆమె బతకడమో పోవడమో జరుగుతుంది. రాసినవాళ్ల చేయి తిరిగినతనం కాదనలేం. కానీ ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఆ భాగం ఆడితే? "ఆ రోజు ఫోన్ ఎత్తి ఉంటే" అని ఏళ్ల తరబడి నలిగేవాళ్లకు, అవును, నువ్వు ఎత్తి ఉండాల్సింది అని చెప్పినట్టే కదా. నాకు అది మింగుడుపడలేదు.

2017లో బ్రిటన్ నుంచి వచ్చిన ‘హెల్‌బ్లేడ్’ ఇంకో రకం. కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్, మానసిక వైద్యుడు పాల్ ఫ్లెచర్‌నూ, లేని గొంతులు వినబడే అనుభవం ఉన్నవాళ్లనూ కూర్చోబెట్టుకుని చేశారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఒక గొంతు కుడిచెవి వెనక, ఇంకోటి మెడ దగ్గర. ఆ ఆట మొదట్లోనే ఒక హెచ్చరిక చేస్తుంది: ఓడిన కొద్దీ నల్లటి కుళ్లు చేయి మీదుగా తలకు పాకుతుంది, తలకు చేరితే ఆడిందంతా పోతుంది. నిజానికి అలా చెరిపేయదని ఆడినవాళ్లే కనిపెట్టారు. ఆ భయం నాటకమే, కానీ ఆడినంతసేపూ వదలదు. మన పిల్లల్లో ఒకడికి ఆ గొంతుల సంగతి బాగా నచ్చింది. ఊళ్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరు ఆడతారని వాళ్లే అనుకుని, ఒగ్గుకథలో వంత పాడేవాడిలా రాశారు. పిల్లగాడు ఏదనుకున్నా పక్కనుంచి ఒక గొంతు, "ఆఁ, పక్కింటోళ్ల పోరడు పాసాయె" అని వంత పాడుతుంది. చదివి నవ్వాను, తర్వాత నవ్వలేకపోయాను.

న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ‘స్పార్క్స్’ గురించి పొట్టిగా చెప్తాను, అది కథ కన్నా మందుకు దగ్గర. ఏడు భాగాలు, ఆలోచనలను పట్టి చూసుకునే పద్ధతులు నేర్పుతుంది. 187 మంది కౌమార వయసు పిల్లలతో చేసిన పరీక్ష ఫలితం 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మామూలుగా అందే కౌన్సెలింగ్‌కు అది తీసిపోలేదని తేలింది. మన ఆటలో ఏడు రాత్రులు పెట్టడానికీ దీనికీ సంబంధం లేదు. ఏడో రోజు వారం కూలి పడుతుంది, అందుకని పెట్టారట.

ఇటు మన దగ్గర ‘తప్పు’ అనే మాట చట్టంలోనే కూర్చుని ఉండేది. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ల మీద 1860 నాటి శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద కేసు పెట్టే వీలుండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చి, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అంది. అది 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షనే లేదు. ప్రభుత్వ ఉద్యోగి పనికి అడ్డుపడటానికి చేసే ప్రయత్నం ఒక్కటే నేరంగా మిగిలింది. పాము గడి ఒకటి చెరిపేయడానికి నూట అరవై ఏళ్లు పట్టిందన్నమాట.

చట్టం మారినంత తొందరగా నోళ్లు మారవు. "నిన్ను ఎర్రగడ్డల ఏయాలె" అనేది తెలంగాణలో ఇప్పటికీ తిట్టే. పాపం, అక్కడున్నది మనసుకు వైద్యం చేసే ఒక ఆసుపత్రి. డాక్టర్ దాకా పోయినవాళ్లు ఆ సంగతి ఇంటి గడప దాటనివ్వరు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా వైద్యం అందనివాళ్లేనని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు.

కానీ మాటలకు కరువు లేదు మనకు. రంది, బుగులు, యాష్ట, మనాది. "బిడ్డ మీద మనాది పెట్టుకొని మంచం పట్టింది" అంటే అవ్వకు ఇంకేం వివరించక్కర్లేదు. పత్రికల్లో రాసే ‘కుంగుబాటు’ ఆమెకు పరాయి మాట. మొదటి ప్రతిలో పిల్లలు ఆ మాటే రాశారు. నేను దిద్దిన అచ్చుతప్పులన్నిటికన్నా ఆ ఒక్క మార్పే ఆటకు పనికొచ్చిందనుకుంటాను. మనాది అన్నప్పుడు, అది ఎవరి మీదో, దేని మీదో ఉంటుంది. ఆ మనిషిలోని లోపంలా వినబడదు.

మొదటి ప్రతిలో ఇంకో సంగతి కూడా ఉంది. పరీక్షలకు ముందు రాత్రి రెండు జవాబులు: "చదువుకో", "రీల్స్ చూడు". రెండోది నొక్కితే ఫెయిల్. ఇక్కడ ఆ అమ్మాయి మళ్లీ అడ్డుపడింది. వాళ్ల అక్క 2019 బ్యాచ్.

ఆ ఏడాది ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిల్. తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి చావుకు ఒక్కటే కారణం ఉండదని వైద్యులు చెప్తారు, నిజమే. అయితే లెక్కల్లో తప్పులున్నాయని కూడా అప్పుడే బయటపడింది. తెలుగులో సున్నా పడ్డ ఒక అమ్మాయి పేపరు మళ్లీ చూస్తే 99 మార్కులు! ఫెయిలైన అందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడాల్సి వచ్చింది, వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆ పిల్లలు పరీక్ష ముందు రాత్రి ఏ జవాబు నొక్కితే ఏం మారేది?

ఆ రెండు జవాబులనూ తీసేశారు. ఇప్పుడు ఆట ఫలితం వచ్చిన రోజుతోనే మొదలవుతుంది. పిల్లగాడు ఎందుకు తప్పాడో ఆటలో ఎక్కడా ఉండదు.

చావును ఒక దారిగా పెట్టాలా వద్దా అన్నదాని మీద పెద్దగా తర్జనభర్జన జరగలేదు. సినిమా, నాటకం వాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలు చదివారు. ఎలా అన్నది చూపించొద్దు, దాన్ని బాధకు పరిష్కారంలా చూపించొద్దు అని ఉంది. పెట్టలేదు, అంతే. వేరే చిక్కు వచ్చింది. ఊళ్లో ఆట పేరెత్తితేనే పెద్దవాళ్లకు గుండె జారుతుంది. 2017లో ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ నిషేధించింది, అదే ఏడాది పిల్లల ప్రాణాలు తీసే ఆటంటూ బ్లూవేల్ పుకార్లు వచ్చాయి, 2020లో పబ్జీ బంద్. "మనసు బాగలేనోళ్లకు గేమ్ ఇస్తరా?" అని ఒక పిల్లవాడి నాయిన కోప్పడ్డాడట. అప్పటి నుంచి వాళ్లు దీన్ని బయట ‘ఫోన్ కథ’ అంటున్నారు.

మనసు బాగాలేనివాళ్లకు ఫోన్లో సాయం అందించడానికి ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416ను ఎక్కడ పెట్టాలన్నది కూడా కొన్నాళ్లు నలిగింది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆట చివర పోస్టర్‌లా పెడితే ఎవరూ చదవరు. అందుకని పిల్లగాడి ఫోన్లో నాయిన పేరు కింద రెండో పేరుగా పెట్టారు. ఏ రాత్రయినా నొక్కొచ్చు, దాని మీద మాత్రం ‘డిప్రెషన్ క్వెస్ట్’లో లాంటి గీత ఎప్పుడూ పడదు.

ఇక రెండో జవాబు. చివరికి ఇద్దరి మాటా నెగ్గింది. మొదటి మూడు రాత్రులు "నిద్ర పడ్తలేదు నాయినా" గీత కొట్టి ఉంటుంది. నాలుగో రాత్రి అవ్వ తనంతట తానే పక్కన కూర్చుని, "నాకూ మీ నాయిన మీద మనాది పట్టింది బిడ్డా, తెల్లందాక కన్ను మూతవడ్తలేదు" అంటుంది. అప్పుడు గీత పోతుంది. మూడో జవాబు విషయంలో కూడా ఒక మాట అనుకున్నారు. పిల్లగాడు ఎన్నిసార్లు ఫోన్ ఎత్తకపోయినా నాయినకు ఏమీ కాకూడదు, మర్నాడు తొమ్మిదింటికి ఫోన్ మళ్లీ రావాలి.

పోయిన వారం హాస్టల్లో ఒకడికి ఆడమని ఇచ్చారు. నాలుగో రాత్రి గీత పోయింది. వాడు గమనించాడు కూడా. అయినా ఏడు రాత్రులూ "మంచిగనే ఉన్న నాయినా" నే నొక్కాడు. అయిపోయాక ఫోన్ తిరిగి ఇస్తూ, "అన్నా, నేను ఓడినట్టా?" అని అడిగాడు. వాడికి చూపించాల్సిన తెర ఇంకా రాయలేదు. ఖాళీ పెట్టె ఒకటి, దానికి బాణం మాత్రం కలిపి ఉంది.