షుగరు పుండుకు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు నుంచి మానని షుగరు పుండుతో మా దగ్గరకు వచ్చే తెలుగు కుటుంబాల్లో చాలామంది గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ గురించి ముందే విని వస్తున్నారు. ఆ మందుపై నాకూ నమ్మకం ఉంది కాబట్టే, దాని చుట్టూ పెరిగిన అపోహలు నన్ను బాధిస్తాయి.

అపోహ: వృద్ధి కారకం (గ్రోత్ ఫ్యాక్టర్) కణాలకు బలమైన ఆహారం, ఎంత ఎక్కువైతే అంత ఎదుగుదల.

వాస్తవం: అది ఆహారం కాదు, ఒక కణం మరో కణానికి పంపే ప్రోటీన్ సందేశం. కణం పైపొర మీద తనకు సరిపడే గ్రాహకానికి (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌కు) అది అతుక్కున్నప్పుడు, ఆ సంకేతం లోపలి ప్రోటీన్ల వరుస గుండా కేంద్రకానికి చేరి, ఏ జన్యువులు పనిచేయాలో మారుస్తుంది. గ్రాహకం లేని కణానికి ఆ సందేశం అందదు. అందిన కణాలన్నీ ఒకేలా స్పందించవు. టీజీఎఫ్-బీటా అనే వృద్ధి కారకం గాయంలోని ఫైబ్రోబ్లాస్టులనే కణాల చేత, కణజాలాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ తయారు చేయిస్తూనే, చర్మపు పైపొర కణాల విభజనను అణచిపెడుతుంది. గర్భస్థ శిశువు వేళ్ల మధ్యనున్న పొరలోని కణాలు చనిపోయి వేళ్లు విడివడటం వెనుక బీఎంపీలనే వృద్ధి కారక ప్రోటీన్ల సంకేతాలు ఉన్నాయి. ఎఫ్‌జీఎఫ్ అనే మరో వృద్ధి కారకానికి ఉన్న గ్రాహకాల్లో మూడవది జన్యులోపం వల్ల అతిగా పనిచేస్తే ఎముకలు పొడవు పెరగడం మందగించి, బిడ్డ పొట్టిగా ఉండిపోతుంది.

అపోహ: ఇదంతా నిన్నమొన్న పుట్టిన ప్రయోగం.

వాస్తవం: నాడీకణాలను పెంచే ప్రోటీన్‌ను 1950లలో గుర్తించిన రీటా లెవీ-మోంటాల్చినీకి, ఎలుక పిల్లల కనురెప్పలు ముందుగానే తెరుచుకోవడం గమనించి, చర్మపు పైపొర కణాలను పెంచే ఈజీఎఫ్‌ను వెలికితీసిన స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది.

అపోహ: జెల్ రాస్తే పుండు దానంతట అదే మానుతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. దీర్ఘకాలంగా మానని పుండులో ప్రోటీన్లను కోసేసే ఎంజైములు విపరీతంగా ఉంటాయి కాబట్టి, చచ్చిన కండను తొలగించకుండా రాసిన మందు పని మొదలుపెట్టకముందే ముక్కలైపోతుంది. ప్లేట్‌లెట్ల వృద్ధి కారకంతో తయారై 1997లో అమెరికాలో అనుమతి పొందిన బెకాప్లెర్మిన్ జెల్‌ను కూడా, కాలికి రక్తప్రసరణ తగినంత ఉన్న పుండ్లకే ఉద్దేశించారు. దాని పరీక్షల్లోనూ పుండును తరచుగా శుభ్రం చేసిన కేంద్రాల్లోనే ఎక్కువ పుండ్లు మానాయి. అందుకే ముందుగా పాదంలో నాడి చూడాలి, అది అందకపోతే బరంపురంలోనో విశాఖపట్నంలోనో రక్తప్రసరణ చూసే డాప్లర్ పరీక్ష తీయించాలి, చక్కెరను అదుపులోకి తేవాలి, పుండు మీద శరీర బరువు పడకుండా చూడాలి. స్పర్శ తెలియని పాదంతో పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా నడుస్తూ ఉంటే, ఏ జెల్ వల్లా ప్రయోజనం ఉండదు.

అపోహ: ఈ మందు రాస్తే క్యాన్సర్ వస్తుంది.

వాస్తవం: భయానికి మూలం లేకపోలేదు, కొన్ని రొమ్ము క్యాన్సర్లలో కణాలకు వృద్ధి సంకేతం ఇచ్చే హెచ్ఈఆర్-2 అనే గ్రాహకం అతిగా ఉంటుంది, క్యాన్సర్ గడ్డలు వీఈజీఎఫ్ అనే వృద్ధి కారకం సాయంతో కొత్త రక్తనాళాలను రప్పించుకుంటాయి. అంతమాత్రాన పుండుకు రాసిన జెల్ క్యాన్సర్‌ను పుట్టిస్తుందని తేలలేదు. అయితే రాసే చోట క్యాన్సర్ ఉంటే ఆ జెల్‌ను వాడకూడదు. నెలల తరబడి మానక, అంచులు ఎత్తుగా గట్టిపడిన పుండుకు జెల్ మొదలుపెట్టే ముందు ముక్క పరీక్ష చేయమని మీ వైద్యులను అడగండి.