మన ఇంటి పిల్లలకు, మూత్రపిండాల గురించి

హైదరాబాద్

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఇంట్లో అమ్మమ్మో బాబాయో వేలి చివర సూదితో పొడుచుకుని షుగర్ చూసుకోవడం మీకు కొత్త కాదు. కానీ ఆ జబ్బు కిడ్నీల దాకా ఎలా పాకుతుందో, క్యాన్సర్ వైద్యం జరిగేటప్పుడు అవే కిడ్నీలను ఎందుకంత జాగ్రత్తగా కాచుకోవాలో మీకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు.

ఒక్కో మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు అనే అతి చిన్న గొట్టాలు సుమారు 10 లక్షలు ఉంటాయి. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం వాటి మొదట్లో ఉండే సన్నని రక్తనాళాల చుట్టల గుండా వడకట్టబడి, అందులో చాలా భాగం తిరిగి రక్తంలోకే చేరి, ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి వస్తుంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి హద్దు మీరి ఉంటే ఆ చుట్టలలో ఒత్తిడి పెరిగి, వాటి గోడలు దెబ్బతిని, టీ వడపోసే గుడ్డకు చిల్లు పడితే పొడి గ్లాసులోకి దిగినట్టు, రక్తంలో నిలవవలసిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి దిగిపోతుంది.

ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. కాళ్లు వాచి, ఆకలి చచ్చి, వాంతులు మొదలయ్యేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. కిడ్నీలు బయటికి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం రక్తంలో ఎంత ఉందో చూసినా, అది కూడా కిడ్నీల శక్తి దాదాపు సగం తగ్గేదాకా మామూలుగానే కనిపించవచ్చు. అందుచేత "క్రియాటినిన్ బాగానే ఉందన్నారు" అని పెద్దవాళ్లు చెబితే సరిపెట్టుకోకండి. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించారా అని అడగండి. మూత్రంలో గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు, అంతకు మించి ఆల్బుమిన్ ఉన్నట్టు మళ్లీ మళ్లీ తేలితే అది హెచ్చరిక. టైప్ 2 మధుమేహం ఉన్నవారు జబ్బు బయటపడిన నాటి నుంచే ఏటా ఈ పరీక్ష చేయించుకోవాలి. అప్పుడే పసిగడితే బీపీని 130/80 లోపు ఉంచడం, డాక్టరు ఎంచి ఇచ్చే టెల్మిసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు ఆ నష్టాన్ని బాగా నెమ్మదింపజేస్తాయి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదంటారు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు ఉన్న మన భోజనంలో అది కష్టమే, అయినా తగ్గించక తప్పదు.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు. అవి కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. షుగర్, బీపీ ఉన్నవారు డాక్టరును అడగకుండా వాటిని వాడకుండా చూడవలసింది ఇంట్లో ఉన్న మీరే.

ఇక క్యాన్సర్. గర్భాశయ ముఖద్వారంలోనో ప్రోస్టేట్‌లోనో పెరిగిన గడ్డ మూత్రనాళాన్ని నొక్కి, మూత్రం వెనక్కి నిలిచిపోయేలా చేయవచ్చు. మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌లో పుట్టే మాంసకృత్తులు కిడ్నీ గొట్టాలలో గడ్డకట్టి అడ్డుపడతాయి. అమెరికాలో 1978లో అనుమతి పొంది నేటికీ ఎందరినో బతికిస్తున్న సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు కూడా ఆ గొట్టాల కణాలనే గాయపరుస్తుంది. అందుకే ఆ మందు ఇచ్చే రోజున నరం ద్వారా సెలైన్ బాగా ఎక్కిస్తారు. కీమోతో పాటు తరచుగా ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచుతుంది. షుగర్ ఉన్న మనిషికి క్యాన్సర్ వస్తే ఈ రెండు దెబ్బలూ ఒకే అవయవం మీద పడతాయన్నమాట.

కాబట్టి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికైనా మరో చోటికైనా తోడుగా వెళ్లేవారు షుగర్ ఎన్నేళ్లుగా ఉందో, ఏ మాత్రలు వాడుతున్నారో, పాత మూత్ర పరీక్షలో ఏమి తేలిందో మొదటి రోజే డాక్టరుకు చెప్పాలి; రంగు మందు ఎక్కించి స్కాన్ తీసే ముందు మళ్లీ చెప్పాలి. కిడ్నీల స్థితి తెలిస్తేనే డాక్టర్లు మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేయగలరు. కీమో తరువాత వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే, అందులోనూ మన ఊరి మే నెల ఎండల్లో, ఒంట్లో నీరు ఇంకిపోయి కిడ్నీలు త్వరగా దెబ్బతింటాయి. అలాంటి రోజున మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు వేసుకోవాలో ఆపాలో తామే తేల్చుకోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ నంబరు మీ ఫోన్లలో కూడా రాసి ఉంచుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య