వార్సా పార్కులో గుజరాత్ మహారాజు

పిల్లలూ,

పోలండ్ రాజధాని వార్సాలో 'మంచి మహారాజు' పేరుతో ఒక పార్కు ఉంది, అందులో ఆయనకి స్మారకం కూడా ఉంది, 2014లో కట్టారు. ఆయన ఎవరో కాదు, జామ్‌నగర్ రాజధానిగా నవానగర్ సంస్థానాన్ని ఏలిన దిగ్విజయ్‌సింహ్‌జీ, జామ్ సాహెబ్ అనేవాళ్లు. మీరు రోజూ స్కోర్లు చూసే రంజీ ట్రోఫీ ఉంది చూడండి, ఆ రంజీ గారి వారసుడే ఈయన. ఎక్కడి జామ్‌నగర్, ఎక్కడి వార్సా అంటారా, చెప్తా వినండి.

1939 సెప్టెంబర్‌లో పోలండ్ మీద పడమటి నుంచి హిట్లర్ సైన్యం, తూర్పు నుంచి స్టాలిన్ సైన్యం వచ్చి పడ్డాయి. తూర్పు వైపు ఊళ్లలో ఉన్నవాళ్లని పిల్లాజెల్లాతో సహా రైలు పెట్టెల్లో కుక్కి సైబీరియాకి, కజకిస్తాన్‌కి తోలేశారు. ఆ చలికి, ఆకలికి, జబ్బులకి అమ్మానాన్నా పోయి పిల్లలు మిగిలిపోయారు. తర్వాత 1941లో హిట్లర్ రష్యా మీదకే వెళ్లేసరికి స్టాలిన్‌కి పోలండ్ వాళ్లతో అవసరం పడింది, అప్పుడు వీళ్లని బయటికి వదిలారు. వదిలారు సరే, ఎక్కడికి పోతారు? సొంత ఊళ్లో శత్రువే కూర్చున్నాడాయె.

అప్పుడు జామ్ సాహెబ్ సరే మా దగ్గరికి పంపండి అన్నాడు, 1942లో బాలాచడి అనే చోట సముద్రం పక్కనే తన వేసవి బంగళా దగ్గర క్యాంపు కట్టించాడు. మొదటి బ్యాచ్ పిల్లలు ఇరాన్ మీదుగా లారీల్లో క్వెట్టా దాకా వచ్చి అక్కడి నుంచి బొంబాయి చేరారు. అలా కొన్ని వందల మంది వచ్చారు, వెయ్యి దాకా అనేవాళ్లూ ఉన్నారు. మీరు అనాథలు కాదు, నన్ను బాపు అని పిలవండి అన్నాడట, ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా ఈ మాట చెప్పుకునేవాళ్లు.

వాళ్లు చెప్పుకున్న వాటిలో నాకు భలే నచ్చింది పాలకూర గొడవ. క్యాంపులో పెట్టిన పాలకూర పిల్లలకి అస్సలు నచ్చలేదు, మేం తినం అని స్ట్రైక్ చేశారు, ఆ సంగతి జామ్ సాహెబ్ దాకా వెళ్తే ఆయన వంటవాళ్లని పిలిచి ఇక పాలకూర వండొద్దు అని ఆర్డర్ వేశాడట! మీ అమ్మ దగ్గర ఈ కథ చెప్పకండి, ఇంట్లో నాకు చివాట్లు పడతాయి. కానీ ఆలోచించండి, రెండేళ్ల కింద రొట్టె ముక్క దొరక్క అల్లాడిన పిల్లలు, ఇది మాకొద్దు అని అలిగారంటే అది తమ ఇల్లే అనుకున్నట్టే కదా. స్మారకం అన్నాక పేరూ తేదీలూ చెక్కుతారు గానీ ఇలాంటివి ఎవరు చెక్కుతారు, అందుకే నేను రాస్తున్నా.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి, ఆ పక్క సంవత్సరమే, 1943లో, బెంగాల్లో కరువొచ్చి లక్షల మంది చచ్చిపోయారు. అంత కష్టకాలంలో ఉన్న దేశం పరాయి పిల్లలకి అన్నం పెట్టింది.

మీకు నేనేం చేయగలను అని పోలండ్ ప్రధాని అడిగితే, మీ దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక వార్సాలో ఒక వీధికి నా పేరు పెట్టండి చాలు అన్నాడట జామ్ సాహెబ్. యుద్ధం అయ్యాక అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది, స్టాలిన్ తోలేసిన పిల్లల కథ వాళ్లకి ఎందుకు నచ్చుతుంది, ఆ ఊసే లేదు. ఆయన 1966లో పోయాడు. 1989లో ఆ ప్రభుత్వం పోయాకే ముందు ఒక స్కూలుకి, తర్వాత ఈ పార్కుకి ఆయన పేరు పెట్టారు. 2024లో మన ప్రధాని వెళ్లి అక్కడ పూలు పెట్టొచ్చారు. బాలాచడిలో ఇప్పుడు సైనిక్ స్కూల్ నడుస్తోంది, మన కోరుకొండలో ఉన్నట్టే.

వార్సా దూరం అంటారా, కొల్హాపూర్ ఉందిగా. అక్కడ వలివడే క్యాంపులో దాదాపు 5 వేల మంది పోలండ్ వాళ్లు ఉండేవాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే, బాలాచడి మూసేశాక అక్కడ మిగిలిన పిల్లల్ని కూడా ఇక్కడికే పంపారు. వాళ్ల గుర్తుగా కొల్హాపూర్ మహావీర్ గార్డెన్‌లో ఒక స్తంభం ఉంది. మనవాళ్లు మహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వెళ్తూనే ఉంటారు కదా, దర్శనం అయ్యాక షాపింగ్‌కి పరిగెత్తకుండా ఆ గార్డెన్‌కి ఒకసారి ఆటో కట్టించుకోండి, ఫొటో తీసి నాకు వాట్సాప్ చేయండి.

మీ తాతయ్య