జట్టు షూటింగ్ ఆటల్లో ర్యాంకు: అపోహలు - వాస్తవాలు

రెండు జట్లు తుపాకులతో తలపడే కంప్యూటర్ ఆట వాలరెంట్‌ను, అది 2020 జూన్‌లో విడుదలైన నాటి నుంచి ఆడుతున్నాను. కొంతకాలంగా ఇతరుల మ్యాచ్ రికార్డింగులు చూసి, ఎక్కడ తప్పు జరుగుతోందో చెప్పే పని కూడా చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామందికి గురి బాగానే ఉంటుంది, కానీ ర్యాంకు (ఆటగాడికి ఆట ఇచ్చే స్థాయి) అంటే ఏమిటో, అది దేన్ని కొలుస్తుందో స్పష్టంగా తెలియక తప్పుడు చోట శ్రమపడుతుంటారు. కింది ఉదాహరణల్లోని అంకెలు ఎక్కువగా వాలరెంట్‌వే అయినా, వాటి వెనుక ఉన్న తర్కం ఇలాంటి ఆటలన్నిటికీ వర్తిస్తుంది.

అపోహ: టీమ్‌మేట్లు సరిగా దొరక్కపోవడం వల్లే నా ర్యాంకు ఆగిపోయింది.

వాస్తవం: ఒక్క మ్యాచ్ వరకు ఇది నిజం కావచ్చు. నేనూ ఈ మాట అన్నవాడినే, కొన్ని రాత్రులు ఇప్పటికీ అంటాను. అయితే మ్యాచ్‌లో ఉండే పది మందిలో మిమ్మల్ని తీసేస్తే మీ పక్షాన నలుగురు, ఎదుటి పక్షాన అయిదుగురు మిగులుతారు. మధ్యలో ఆట వదిలి వెళ్ళేవాడు, కోపంతో జట్టును చెడగొట్టేవాడు మీరు కానంత వరకు, అలాంటివాడు ఎదుటి జట్టులో పడే అవకాశమే కాస్త ఎక్కువ. కనుక దీర్ఘకాలంలో ఈ దురదృష్టం మీకన్నా మీ ప్రత్యర్థులనే ఎక్కువగా వేధించాలి.

చిక్కంతా ఆ 'దీర్ఘకాలం' అన్న మాటలోనే ఉంది. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం 55 శాతం ఉన్న ఆటగాడు, అంటే నిస్సందేహంగా పైకి వెళ్ళవలసినవాడు, 20 మ్యాచ్‌లు ఆడితే సుమారు నాలుగింట ఒకసారి గెలుపులకన్నా ఓటములే ఎక్కువ మూటగట్టుకుంటాడు. అదే ఆటగాడు 100 మ్యాచ్‌లు ఆడితే సగటున 55 గెలిచి 45 ఓడతాడు. గెలుపుకూ ఓటమికీ 20 పాయింట్ల చొప్పున లెక్కేస్తే అతనికి మిగిలేవి 200 పాయింట్లు, అంటే వందకు ఒకటి చొప్పున ర్యాంకులో రెండు మెట్లు. వారాంతంలో ఆడిన ఇరవై మ్యాచ్‌లను చూసి తన స్థాయిని తేల్చుకునేవారికి ఈ లెక్క ఒకసారి చేసి చూపిస్తాను.

అపోహ: గెలుపుల శాతం యాభై దాటకుండా ఆటే తొక్కిపెడుతుంది.

వాస్తవం: ఈ ర్యాంకు పద్ధతుల మూలం చదరంగంలో ఉంది. ఆర్పాడ్ ఎలో రూపొందించిన రేటింగు విధానాన్ని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. దాని ప్రకారం ఇద్దరి మధ్య 400 రేటింగు పాయింట్ల తేడా ఉంటే, గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున లెక్కేసినప్పుడు బలమైన ఆటగాడి నుంచి పదకొండు ఆటలకు పది పాయింట్లు ఆశించవచ్చు. మైక్రోసాఫ్ట్ తన జట్టు ఆటల కోసం తయారుచేసిన ట్రూస్కిల్ పద్ధతి మరో అడుగు ముందుకు వేసి, ప్రతి ఆటగాడికీ రెండు సంఖ్యలు కేటాయించింది: ఒకటి నైపుణ్యం అంచనా, రెండోది ఆ అంచనా మీద ఉన్న అనుమానం. కొత్త ఖాతాల ర్యాంకు పెద్ద అంగలతో మారడానికి, పాత ఖాతాల ర్యాంకు నత్తనడక నడవడానికి ఇలాంటి అనుమానపు లెక్కే కారణం. వాలరెంట్‌లోనూ పైకి కనిపించే పాయింట్ల వెనుక ఎంఎంఆర్ అనే దాచిన అంచనా ఉంటుంది, ప్రత్యర్థులను వెతికేది దాని ఆధారంగానే. మీకు సరిసమానులతో పోటీ పెట్టినప్పుడు సగం గెలిచి సగం ఓడటం సహజ ఫలితమే తప్ప, ఎవరూ పన్నిన కుట్ర కాదు.

అపోహ: కిల్స్ (చంపిన శత్రువుల సంఖ్య) పట్టికలో పైన ఉంటే ర్యాంకు దానంతట అదే పెరుగుతుంది.

వాస్తవం: కింది ర్యాంకుల్లో వ్యక్తిగత ప్రదర్శనకు కొంత విలువ ఉన్నా, ప్రధానమైనవి గెలుపోటములే. రౌండ్ చేజారిపోయాక పారిపోతున్న శత్రువును వెనుక నుంచి కాల్చిన కిల్‌కూ, రౌండ్ మొదట్లో 5-5ను 5-4గా మార్చిన కిల్‌కూ పట్టికలో ఒకటే అంకె పడుతుంది. కిల్స్ కన్నా, ప్రతి రౌండ్ ముందు ఆయుధాలు కొనుక్కునే ఆటలోని డబ్బు లెక్క చాలా రౌండ్లను తేలుస్తుందని నా అభిప్రాయం. మొదటిదైన పిస్టల్ రౌండ్‌లో చేతిలో ఉన్న 800 క్రెడిట్లూ (ఆ డబ్బు పేరు ఇదే) ఖర్చుపెట్టి ఓడితే 1,900 వస్తాయి. రెండో రౌండ్‌లో ఏమీ కొనకుండా ఓడితే మరో 2,400 కలిసి 4,300 అవుతాయి. 2,900 పెట్టి వాండల్ అనే రైఫిల్, 1,000 పెట్టి బరువైన కవచం తీసుకున్నా ఇంకా 400 మిగులుతాయి. రెండో రౌండ్‌లో ఆగలేక 1,600 పెట్టి స్పెక్టర్ అనే చవక తుపాకీ కొని ఓడినవాడి దగ్గర మూడో రౌండ్‌కు ఉండేవి 2,700 మాత్రమే. నలుగురు వాండల్‌తో దిగుతుంటే అయిదోవాడికి అది కొనే స్తోమత ఉండదు. ఇలా పోయిన రౌండ్ ఎవరి పద్దులోనూ కనిపించదు.

అపోహ: ఖరీదైన మానిటర్, మౌస్ ఉంటే ర్యాంకు వస్తుంది.

వాస్తవం: 60 హెర్ట్జ్ తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకు, 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లకు కొత్త చిత్రం చూపిస్తుంది. ఈ మార్పు మేలు చేస్తుంది. ఆపైన వచ్చే తేడా తక్కువ.

అపోహ: ఎన్ని గంటలు ఆడితే అంత ఎదుగుదల.

వాస్తవం: గంటలతో అలవాట్లు గట్టిపడతాయి, వాటిలో చెడ్డవీ ఉంటాయి. ఇటీవల ఒక ఆటగాడి రికార్డింగులో అతను చనిపోయిన సందర్భాలను మాత్రమే వరుసగా చూశాము. మొత్తం పద్నాలుగు సందర్భాల్లో ఆరు ఒకే తీరున ఉన్నాయి: ఒకరిని కాల్చిన వెంటనే, 25 తూటాల వాండల్‌లో పందొమ్మిది మిగిలి ఉండగానే, అతని వేలు రీలోడ్ (తూటాలు తిరిగి నింపే) మీట మీదకు వెళ్ళింది. వాండల్ రీలోడ్‌కు రెండున్నర సెకన్లు పడుతుంది, చనిపోయినవాడి వెనుక వచ్చే రెండో శత్రువుకు ఆ సమయం చాలు. తన రికార్డింగు తానే చూసేదాకా అతను ఈ సంగతి నమ్మలేదు. గురి సాధనను పక్కన పెట్టి, రీలోడ్‌ను సులభంగా అందని మీటకు మార్చుకోమని చెప్పాను. మొదటి రెండు రోజులు నన్ను గట్టిగానే తిట్టుకున్నాడు. నెల దాటినా పాత మీటకు తిరిగి మార్చుకుంటానని మాత్రం ఇంకా అడగలేదు.