"ఇండియాలో సాఫ్ట్‌వేర్ పేటెంట్లే లేవు కదా మేడమ్!": కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో పేటెంట్ ఏజెంటుగా పని మొదలుపెట్టి పద్నాలుగేళ్ళు. "ఫీజు ఎంతండీ?" అన్న ప్రశ్న కంటే పై మాటే ఎక్కువసార్లు విన్నాను. మారతహళ్ళిలో ఆంధ్రా మెస్సులో పప్పన్నం కలుపుకుంటుంటే పక్క కుర్చీలోంచి విన్నాను, మా అపార్టుమెంటు లిఫ్టులో విన్నాను. మన తెలుగు కుర్రాళ్ళు, అందులోనూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (కోడ్‌ని ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగలిగేది) అంటే ప్రాణం పెట్టేవాళ్ళు, ఈ మాట కాస్త గర్వంగా కూడా అంటారు. గర్వపడాల్సిన చరిత్ర దాని వెనక కొంత ఉంది, కాదనను. కానీ నా కళ్ళముందు జనానికి ఎక్కువ డబ్బు వదిలించింది ఈ ఒక్క మాటే. కాబట్టి ఎక్కువసేపు దీని మీదే ఉంటాను. మిగతావి చివర్లో గబగబా.

అపోహ: మన చట్టంలో సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ లేదు, కాబట్టి ఆ గొడవతో మనకు పనిలేదు.

1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) తీసి చూడండి. గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, 'పర్ సే' (అంటే దానికదిగా) కంప్యూటర్ ప్రోగ్రామ్... ఇవి ఆవిష్కరణలు కావు అంటుంది. అందరూ 'కంప్యూటర్ ప్రోగ్రామ్' దాకా చదివి ఆపేస్తారు. అసలు సంగతంతా 'పర్ సే' దగ్గరే ఉంది. ఒట్టి ప్రోగ్రామ్ అయితే పేటెంట్ లేదు, సరే. ఆ ప్రోగ్రామ్ వల్ల ఏదైనా సాంకేతిక ఫలితం వస్తుంటే? ఇరవై ఏళ్ళ పైనుంచీ కొట్లాట దాని గురించే. 2004 డిసెంబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చి, పరిశ్రమలో సాంకేతికంగా వాడినా, హార్డ్‌వేర్‌తో కలిపినా పేటెంట్ ఇవ్వొచ్చని తలుపు తీయబోయారు. 2005లో పార్లమెంటు ఆ మార్పుకి ఒప్పుకోలేదు, పాత మాటే నిలిచింది. 2016 ఫిబ్రవరిలో పేటెంట్ ఆఫీసు తన మార్గదర్శకాల్లో కొత్త హార్డ్‌వేర్ ఉంటే తప్ప కుదరదంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళు సంతోషించారు. 2017 జూన్‌లో ఆ షరతు తీసేశారు. 2019 డిసెంబర్‌లో ఫెరిద్ అలానీ కేసులో ఢిల్లీ హైకోర్టు, సాంకేతిక ఫలితం చూపించగలిగితే ప్రోగ్రామ్ మీద ఆధారపడ్డ ఆవిష్కరణకైనా పేటెంట్ రావచ్చంది.

అంటే ఇక్కడా పేటెంట్లు వస్తున్నాయి. 'సాఫ్ట్‌వేర్' అన్న పేరుతో రావు, 'ఫలానా పని చేసే వ్యవస్థ మరియు పద్ధతి' అన్న పేరుతో వస్తాయి. బెంగళూరుకి ఐటీలో ఇంత పేరున్నా సొంత పేటెంట్ ఆఫీసు లేదు. మా దరఖాస్తులన్నీ గిండీలో ఉన్న చెన్నై ఆఫీసు పరిధిలోకే వెళ్తాయి. అందులో కొన్ని 'వ్యవస్థ మరియు పద్ధతి'లు నేను రాసినవే. నాకు అన్నం పెడుతున్నది ఆ పనే, దాచుకోవడం ఎందుకు?

ఇది సగం సంగతి. డబ్బు పోయేది రెండో సగంలో.

పేటెంట్ ఏ దేశానికి ఆ దేశమే. అమెరికా పేటెంట్‌కి జయనగర్‌లో విలువ లేదు. కానీ మీరు జయనగర్‌లో కూర్చుని రాసిన సాఫ్ట్‌వేర్ అమ్ముడుపోయేది ఎక్కడ? టెక్సాస్‌లో అమ్మితే అక్కడి చట్టమే వర్తిస్తుంది. కోడ్ ఎక్కడ రాశారన్నది కాదు, ఎక్కడ వాడుతున్నారు, ఎక్కడ అమ్ముతున్నారన్నది చూస్తారు.

హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న కంపెనీ, మొత్తం పన్నెండు మంది. పార్ట్‌నర్లు ముగ్గురూ ఒకే కాలేజీలో చదువుకున్న ఒంగోలు వైపు కుర్రాళ్ళు. అమెరికా క్లయింటుకి వీడియో టూల్ ఒకటి చేసిచ్చారు. 38 లక్షల కాంట్రాక్టు, 41 పేజీల ఒప్పందం. 27వ పేజీలో ఇండెమ్నిటీ క్లాజు: మీరిచ్చిన కోడ్ వల్ల మా మీద ఎవరైనా పేటెంట్ దావా వేస్తే, లాయర్ ఖర్చుతో సహా మొత్తం మీరే భరించాలి. నాలుగు పేజీల తర్వాత ఇంకో క్లాజు: మీ బాధ్యత కాంట్రాక్టు విలువకు మించదు. ఇది చూసి వాళ్ళు ధైర్యంగా ఉన్నారు. కానీ ఆ వాక్యం చివర ఒక తోక ఉంది, 'ఇండెమ్నిటీకి తప్ప' అని.

"ఇది చదివే సంతకం పెట్టావా?" అని ముగ్గురిలో ఒకతన్ని అడిగాను. "చదివానక్కా. ఇండియాలో పేటెంట్లు లేవు కదా, మనకి వర్తించదులే అనుకున్నా."

ఏడాదిన్నర తర్వాత క్లయింటు మీద అక్కడ దావా పడింది. వేసినవాళ్ళు ఏ వస్తువూ తయారుచెయ్యరు, పేటెంట్లు కొని కేసులేసి బతుకుతారు. ట్రోల్ అంటాం. క్లయింటు రెండు నెలల లాయర్ బిల్లు హెచ్ఎస్ఆర్‌కి పంపాడు. 61,000 డాలర్లు. కేసులో పస ఉందా లేదా అన్న దగ్గరికి ఇంకా రానేలేదు, గెలిచినా ఓడినా ఆ బిల్లు ఆ బిల్లే. ఒక లాయరు సాయంతో బేరమాడితే చివరికి 22 లక్షల దగ్గర తెగింది. (కోర్టు పని లాయర్లది. ఏజెంటుగా నా పని పేటెంట్ ఆఫీసు వరకే. ఇది కూడా చాలామందికి తెలియదు.) ముగ్గురిలో ఒకతను కారు అమ్మేశాడు.

అందుకని సంతకానికి ముందు ఆ పేజీ వెతకండి. ఆ తోక కత్తిరించమని అడగండి, పరిమితి ఇండెమ్నిటీకి కూడా ఉండాలి. 'మాకు తెలిసినంతవరకు' అన్న మాట చేర్చమనండి. మీరు రాసింది వేరు, మీరు వాడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు (వేరేవాళ్ళు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వేరు అని విడదీసి రాయించండి. కేసు పడితే లాయర్‌ని ఎవరు పెడతారో కూడా రాయించండి. పెద్ద క్లయింటు అన్నీ ఒప్పుకోడు. రెండు ఒప్పుకున్నా చాలు, కారు మిగులుతుంది.

దీనికి తోబుట్టువు లాంటి అపోహ ఇంకోటి: లైబ్రరీకి జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఉంది, అంటే అన్నిటికీ అనుమతి ఉన్నట్టే.

లైసెన్సు ఇచ్చేది ఆ కోడ్ రాసినవాళ్ళు. తమ చేతిలో ఉన్న హక్కే ఇవ్వగలరు. దారినపోయే మూడోవాడి పేటెంట్‌ని వాళ్ళెలా రాసిస్తారు? అపాచీ 2.0 అనే ఇంకో లైసెన్సులో, జీపీఎల్ మూడో వెర్షన్‌లో కోడ్ ఇచ్చినవాళ్ళు తమ పేటెంట్లకు అనుమతి స్పష్టంగా ఇస్తారు. ఆ కోడ్ మీదే పేటెంట్ దావా వేసినవాడు ఆ అనుమతి పోగొట్టుకుంటాడు. ఇలాంటిదే అయిన ఎంఐటీ లైసెన్సులో పేటెంట్ అన్న మాటే కనిపించదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్ కోడ్ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, కానీ వీడియోని కుదించే హెచ్.264 అనే పద్ధతి మీద పేటెంట్లు వేరేవాళ్ళవి. ఆ భయంతోనే ఫెడోరా అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ 2022లో గ్రాఫిక్స్ కార్డుతో హెచ్.264 నడిపే సదుపాయాన్ని తమ పంపిణీలోంచి తీసేసింది. సిస్కో కంపెనీ ఓపెన్‌హెచ్264 అనే హెచ్.264 ప్రోగ్రామ్‌ని తానే కంపైల్ చేసి, పేటెంట్ రుసుము తానే కట్టి జనానికి ఇస్తోంది. హెచ్ఎస్ఆర్ వాళ్ళది కూడా వీడియో టూలే కదా, అందుకే ఇంత చెబుతున్నాను.

అపోహ: నోటీసు వచ్చిందంటే ఇక అయిపోయినట్టే.

పోయిన ఏడాది ఒక రాత్రి చీరాల నుంచి ఫోన్. పెద్దాయన గొంతు వణుకుతోంది. "అమ్మా, మావాణ్ణి పోలీసులు పట్టుకుపోతారా?" కొడుకు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తూ, రాత్రుళ్ళు ఫోటోలు సర్దిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసి అందరికీ ఉచితంగా పెట్టాడు. అమెరికా లాయర్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. వాట్సాప్‌లో ఒక మహానుభావుడు పాస్‌పోర్టు లాక్కుంటారన్నాడు, ఇంకొకడు వారెంట్ వస్తుందన్నాడు. ఇలాంటివాళ్ళ మీద నాకు ఒళ్ళు మండుతుంది. చట్టం చదవరు, చదివినవాళ్ళని అడగరు, ఒక ఇంట్లో రెండు రాత్రుల నిద్ర మాత్రం పోగొడతారు.

మన దేశంలో పేటెంట్ ఉల్లంఘన క్రిమినల్ నేరం కాదు. సివిల్ వ్యవహారం. పోలీసులకు దాంతో పనే లేదు. ఆ మాట మూడుసార్లు చెబితే గానీ పెద్దాయన ఊపిరి పీల్చుకోలేదు.

ఆదివారం మల్లేశ్వరంలో ఒక దర్శినిలో ఆ అబ్బాయితో కూర్చున్నాను. ఇడ్లీ ప్లేట్లు పక్కకి జరిపి, పేటెంట్‌లో మొదటి క్లెయిమ్ ప్రింటు పరిచాను. పేటెంట్ శీర్షికా, సారాంశమూ చూసి భయపడతారు అందరూ. హక్కు ఉండేది వాటిలో కాదు, క్లెయిముల్లో. ఆ క్లెయిమ్‌ని పెన్సిల్‌తో నాలుగు ముక్కలు చేశాం. ఒకటి, ఫోన్ నుంచి ఫోటో అందుకునే సర్వర్. రెండు, తీసిన చోటును బట్టి ఫోటోలను విడదీయడం. మూడు, ఆ జాబితాను సర్వర్‌లో దాచడం. నాలుగు, దాన్ని రెండో ఫోన్‌కి పంపడం. "నీ ప్రోగ్రామ్‌లో సర్వర్ ఉందా?" "లేదక్కా, అంతా సొంత కంప్యూటర్‌లోనే." "రెండో ఫోన్‌కి పంపుతుందా?" "లేదు." నాలుగు ముక్కల్లో రెండోదానికే టిక్కు పడింది. మామూలుగా అన్ని ముక్కలూ ఉంటేనే ఉల్లంఘన. అతను ఆ కాగితం వైపు కాసేపు చూసి, చల్లారిపోయిన ఇడ్లీ మొత్తం తినేశాడు.

అప్పుడు బయటపెట్టాడు. ముందురాత్రి కంగారులో, చోటును బట్టి ఫోటోలు విడదీసే ఆ ఫీచరే తీసేశాడట. మార్పుకి రాసుకున్న వివరణ: 'పేటెంట్ ఉల్లంఘన కాబట్టి తొలగిస్తున్నాను'. అదృష్టం, ఇంకా పుష్ చెయ్యలేదు, అంటే అందరూ చూసేచోటికి పంపలేదు. తన చేత్తో తానే నేరం ఒప్పుకున్నట్టుండే వాక్యం, ప్రపంచమంతా చూసేచోట, తేదీతో సహా! నోటీసు వచ్చినప్పుడు చెయ్యకూడని మొదటి పని ఇదే. గ్రూపుల్లో పెట్టొద్దు, ఆవేశంగా జవాబివ్వొద్దు. అలాగని చెత్తబుట్టలో కూడా పడెయ్యొద్దు. మన చట్టం సెక్షన్ 111 ప్రకారం పేటెంట్ ఉందని తెలియకుండా, తెలుసుకునే కారణమూ లేకుండా ఉల్లంఘించినవాడి నుంచి నష్టపరిహారం రాబట్టలేరు. నోటీసు అందాక 'నాకు తెలియదు' అనలేం. ఇంకోవైపు, భారతీయ పేటెంట్ చూపించి ఊరికే బెదిరిస్తే, సెక్షన్ 106 కింద మనమే కోర్టుకి వెళ్ళి ఆ బెదిరింపులు ఆపించవచ్చు. 'మాకు ఫలానా పేటెంట్ ఉంది' అని తెలియజేయడం మాత్రం బెదిరింపు కిందికి రాదు. చీరాల అబ్బాయి విషయంలో అమెరికా చట్టం తెలిసిన లాయరు రెండు పేరాల జవాబు పంపించారు. ఇంతవరకు మళ్ళీ ఉత్తరం రాలేదు.

ఫోటోలంటే గుర్తొచ్చింది. 2019లో గ్నోమ్ ఫౌండేషన్ (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే లాభాపేక్ష లేని సంస్థ) మీద కేసు పడింది కూడా షాట్‌వెల్ అనే ఫోటోల ప్రోగ్రామ్ గురించే. రాత్‌చైల్డ్ పేటెంట్ ఇమేజింగ్ అనే సంస్థ 75,000 డాలర్లు ఇస్తే వదిలేస్తామంది. గ్నోమ్ ఇవ్వనంది, చందాలడిగితే లక్షన్నర డాలర్ల పైనే వచ్చాయి. 2020 మేలో రాజీ కుదిరింది: గ్నోమ్‌నే కాదు, ఓఎస్ఐ (ఓపెన్ సోర్స్ లైసెన్సులను ఆమోదించే సంస్థ) ఆమోదించిన లైసెన్సులతో వచ్చే ఏ సాఫ్ట్‌వేర్‌నీ ఆ సంస్థ పేటెంట్లతో ఇబ్బంది పెట్టబోమని. తర్వాత ఒక లాయరు పట్టుబట్టి అమెరికా పేటెంట్ ఆఫీసు చేత ఆ పేటెంట్‌ని మళ్ళీ పరీక్ష చేయించారు, 2022లో క్లెయిములన్నీ కొట్టేశారు. నోటీసు చూడగానే డబ్బు కట్టేద్దామనే ప్రతి క్లయింటుకీ ఈ కథ చెబుతాను. చందాలు అందరికీ రావన్నదీ కలిపే చెబుతాను.

ఇక గబగబా.

'ఎస్‌సీఓ కేసు లినక్స్ మీద పేటెంట్ కేసు.' కాదు. లినక్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్. ఎస్‌సీఓ అనే కంపెనీ 2003లో ఐబీఎం మీద వేసిన ఆ దావా కాంట్రాక్టులూ కాపీరైటూ చుట్టూ తిరిగింది. కాపీరైట్ వేరు, పేటెంట్ వేరు. సొంతంగా రాశానని రుజువైతే కాపీరైట్ కేసులో బయటపడొచ్చు, పేటెంట్ కేసులో అది పనికిరాదు.

'మైక్రోసాఫ్ట్ 235 పేటెంట్లతో లినక్స్ మీద కాచుకుని ఉంది.' ఆ అంకె 2007 నాటిది. 2009లో దారి చూపే పరికరాలు చేసే టామ్‌టామ్ కంపెనీ మీద, ఫైళ్ళు దాచే ఫ్యాట్ పద్ధతి పేటెంట్లతో దావా వేసిన మాట నిజమే. కానీ 2018 అక్టోబర్‌లో అదే మైక్రోసాఫ్ట్ 60,000 పైచిలుకు పేటెంట్లతో, లినక్స్‌ని పేటెంట్ కేసుల నుంచి కాపాడడానికి ఏర్పడ్డ ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరింది. ఆ ఫార్వర్డ్ ఇక ఆపండి బాబూ.

'కోడ్ బయటపెట్టేశాం, తర్వాత తీరిగ్గా పేటెంట్ వేసుకుంటాం.' అమెరికాలో ఏడాది గడువుంది. ఇక్కడ బయటపెట్టిన రోజే దాదాపు తలుపు మూసుకుపోతుంది, ఒకటి రెండు ఇరుకైన మినహాయింపులు తప్ప. వేరేవాడికి పేటెంట్ రాకూడదని బయటపెడుతుంటే మాత్రం మంచి పనే. ఎవడైనా తర్వాత అదే విషయం మీద దరఖాస్తు పెడితే, పేటెంట్ మంజూరుకి ముందే మీ పాత కోడ్ చూపించి అభ్యంతరం చెప్పొచ్చు. సెక్షన్ 25(1) కింద ఆ హక్కు ఎవరికైనా ఉంది.

హెచ్ఎస్ఆర్ ముగ్గురూ ఇప్పుడు ప్రతి ఒప్పందమూ సంతకానికి ముందే పంపుతున్నారు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి, "సోమవారం పొద్దున్నకి కావాలక్కా" అంటూ.